ఎర్రగళ్ళ చొక్కా

ఏప్రిల్ 2

డాక్టరమ్మ రోజూ నాలుగు ముక్కలు రాయమంది. ఏమి రాయాలని అడిగితే, ఏమనిపిస్తే అది రాయమంది. అసలు జబ్బే అది కదా తల్లీ, ఏమీ అనిపించకపోవడం. ఆమె ముందు ఆ మాట అనలేదు. మాత్రలు తీసుకుని వచ్చేశాను.

ఈ రోజు ఏమీ అనిపించలేదు.

ఏప్రిల్ 3

ఈ రోజు కూడా.

ఏప్రిల్ 6

నాయన చేసిన ఉప్మాలో ఉప్పు లేదు. నేను తినేశాను. ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, ఖాళీ అయిన నా ప్లేటు వైపు చూసి, "వల్లీ, హైదరాబాదులో నీకు అన్నం పెట్టినారా, గడ్డి పెట్టినారా" అన్నాడు. ముకుంద్‌తో కాపురం వదిలేసి నేను తిరుపతి వచ్చి ఎనిమిది నెలలైంది. ఆ కాపురం గురించి ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇదే. నవ్వాలని తెలుసు కాబట్టి నవ్వాను.

ఏప్రిల్ 8

ఈసారి పని గురించి రాయమంది డాక్టరమ్మ. ఆమె చదవదట, నా కోసమేనట. సరే.

పరాశర్ ఒక డాక్యుమెంటరీ తీశాడు. గూడ్సు బళ్ళెక్కి తిరిగే కుర్రాళ్ళ మీద. వాళ్ళు రేణిగుంట యార్డులో ఎక్కుతారు, గూడూరో గుంతకల్లో ఎక్కడ బండి ఆగితే అక్కడ దిగుతారు. మూటలు మోయడమో మామిడికాయలు కోయడమో దొరికితే రెండు రోజులు చేస్తారు. మూడో రోజు మళ్ళీ బండి. ఎందుకురా అని పరాశర్ ఎన్నిసార్లు అడిగినా ఎవరూ సరిగా చెప్పలేదు. "ఊరికే ఉండలేక" అన్నాడు ఒకడు. అంతకంటే మంచి జవాబు నా దగ్గరా లేదు.

నేను ఎడిటర్ని. ఫిబ్రవరి నుంచి బైరాగిపట్టెడలోని మా ఇంట్లో, వెనక గదిలో కూర్చుని నూట ఎనభై గంటల ఫుటేజీ చూస్తున్నాను. పరాశర్ రాసిచ్చిన వివరాలు చూస్తే తిరుపతి క్షవరమే. ఒక మెమరీ కార్డుకు సగం పేర్లు రాసి, రెండో దానికి పోయి, అది సగంలో వదిలి మూడోది పట్టుకున్నాడు. మిగతావి నేనే రాసుకున్నాను.

సినిమాలో ఇద్దరు ముఖ్యం. మునికుమార్‌ది నగరి, పంతొమ్మిదేళ్ళు. వాళ్ళమ్మ గురవమ్మ అక్కడ పవర్‌లూమ్ షెడ్డులో నూలు కండెలు చుడుతుంది. నాన్న ఎప్పుడో పోయాడు. రెండోవాడు రాజారత్నం. ఇరవై ఉంటాయేమో, వాడికే తెలియదు. చిత్తూరు వైపు ఏదో హాస్టల్లో పెరిగాడు, నా అనేవాళ్ళు లేరు. ఇద్దరిదీ ఒకే ఎత్తు, ఒకే బక్కతనం. మొహాలు మాత్రం వేరు. ముని నవ్వితే పైపన్ను ఒకటి బయటికి వస్తుంది. రత్నం నవ్వడు.

డిసెంబరులో తీసిన సీను ఒకటి ఉంది. చూసినవాళ్ళందరూ నవ్వుతారు. రేణిగుంట స్టేషను బయట టీ కొట్టు కోమలి, ముని జుట్టును వేళ్ళతో పాయ తీసి, "రెండు సుళ్ళుండాయి రా నీకు. ఇద్దరు పెళ్ళాలు" అంటుంది. "ఒకదానికే ఇల్లు లేదు, ఇద్దర్ని యాడ కూసోబెట్టేదక్కా, వ్యాగన్లోనా" అంటాడు ముని. పక్కన రత్నం తన తల తడుముకుంటాడు. కోమలి వాడి తలా వంచి చూసి, "నీకొకటే లేరా, అదీ వస్తే గొప్ప" అంటుంది. ఈ సీను నేను కనీసం రెండొందల సార్లు చూసి ఉంటాను. మొదటిసారి నవ్వానో లేదో గుర్తు లేదు.

జనవరి మొదట్లో ఇద్దరూ కొండెక్కి గుండ్లు చేయించుకున్నారు. మొక్కు ఏమీ లేదు. రత్నం చర్చికి పోయేవాడు, వాడూ చేయించుకున్నాడు. అదేందిరా అంటే "పేలు పోతాయన్నా" అన్నాడట. పైకి కెమెరా పోనివ్వరు కాబట్టి పరాశర్ అలిపిరిలో కాచుకుని, దిగి వస్తున్నప్పుడు తీశాడు. రెండు గుండ్లు, నిండా గంధం. ముని నీలం చొక్కా, రత్నం ఎర్రగళ్ళ చొక్కా. వెనక నుంచి తీస్తే ఎవరు ఎవరో తెలియడం లేదని, పరాశర్ ఆ రోజు చొక్కా రంగును బట్టే పేర్లు రాసుకున్నాడు. నీలం అంటే ముని. ఎర్రగళ్ళు అంటే రత్నం. అక్కడే అరచేతిలో పట్టే చిన్న కెమెరా ఒకటి వాళ్ళకిచ్చి, ఇకమీద మీరే తీయండి అన్నాడు. దానికి అయస్కాంతం ఉంటుంది, వ్యాగన్ ఇనుముకు పెడితే అతుక్కుంటుంది. ఆ తర్వాత పరాశర్ వాళ్ళిద్దర్నీ చూడలేదు.

చెయ్యి నొప్పి. మిగతాది రేపు.

ఏప్రిల్ 9

జనవరి 24న కోడూరుకు ఇవతల పట్టాల పక్కన ఒక శవం దొరికింది. గుండు. ఎర్రగళ్ళ చొక్కా. మొహం మొహంలా లేదట. పోలీసులు కోమలికి ఫోటో చూపిస్తే చొక్కా చూసి రత్నం అంది. పరాశర్ కూడా చొక్కా చూసి రత్నం అన్నాడు. రత్నంతో కలిసి తిరిగేవాడు కాబట్టి ముని సంగతి తేల్చుకుందామని నగరి నుంచి గురవమ్మను పిలిపించారు. ఆమె ఫోటో చూసి మావోడు కాదు అంది. రత్నం కోసం వచ్చేవాళ్ళు ఎవరూ లేరు. రక్తం అవీ తీసి పెట్టుకుని, పది రోజులు చూసి పాతిపెట్టారు.

పని ఒప్పుకున్న రోజే పరాశర్ ఇదంతా చెప్పాడు. విన్నాక భోజనం చేశాను. పెరుగన్నం, మాగాయ.

ఏప్రిల్ 11

ఫిబ్రవరి 12న ఎవరో కోమలి కొట్టులో ఆ చిన్న కెమెరా కార్డు ఇచ్చిపోయారు. ఆ పూట కొట్టులో కోమలి అత్త వరలక్ష్మమ్మ ఉంది. ఆమెకు చూపు ఆనదు. "గుండు పిలకాయ, నీలం సొక్కా" అని మాత్రం చెప్పింది. నీలం అంటే ముని.

కార్డులో పనికొచ్చే షాటు ఒకటే. ఏడు నిమిషాల ఇరవై సెకన్లు. ఖాళీ వ్యాగన్ అంచున కుర్రాడు మనకు వీపు పెట్టి కూర్చుని ఉంటాడు. నీలం చొక్కా గాలికి ఉబ్బుతుంటుంది. తలకు తువ్వాలు. అటూ ఇటూ చేలు, దూరంగా కొండలు. ఒక్కసారి కూడా తిరగడు. సినిమా మొత్తంలో అంత మంచి షాటు లేదు. పరాశర్ దాంతోనే సినిమా ముగించాలన్నాడు. చివర తెర మీద ఒక వాక్యం పడుతుంది: మునికుమార్ ఇంకా తిరుగుతూనే ఉన్నాడు.

మార్చిలో పరాశర్ ఆ షాటు ఫోనులో పెట్టుకుని నగరి పోయి గురవమ్మకు చూపించాడు. కొడుకు నుంచి కబురు లేక ఆమె మంచం పట్టి ఉందట. చూసి లేచి కూర్చుందట, ఆ పూట అన్నం తిందట. ఈ మాట చెప్తూ పరాశర్ కళ్ళు తుడుచుకున్నాడు. నేను అతని వైపు చూస్తూ, షాటులో ఆకాశం రంగు కొంచెం తగ్గించాలి అనుకున్నాను.

ఏప్రిల్ 17

నాలుగో నిమిషం దగ్గర గాలికి తువ్వాలు లేస్తుంది. పదకొండు ఫ్రేములు. అర సెకను కూడా కాదు. సినిమా నడుస్తుంటే ఎవరికీ కనబడదు. ఒక్కో ఫ్రేమూ జరుపుతూ రంగు సరిచేస్తుంటే నాకు కనబడింది. నెల రోజుల జుట్టు, మీద ఎండ. సుడి స్పష్టంగా ఉంది.

ఒకటి.

ఏప్రిల్ 18

ఆ పదకొండు ఫ్రేములూ తీసేశాను. తువ్వాలు లేచినప్పుడు చూపు చెదురుతోంది. కరెంటు స్తంభం నీడ మీద పడే చోట అతికించాను. అతుకు తెలియదు. రిథమ్ కోసం.

ఏప్రిల్ 19

రిథమ్ కోసమే.

ఏప్రిల్ 20

ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. మునికి రెండు సుళ్ళు. రత్నానికి ఒకటి. బండి మీద ఉన్నవాడికి ఒకటే ఉంటే వాడు రత్నం. ముని చొక్కా వేసుకున్న రత్నం. అంటే ఇద్దరూ చొక్కాలు మార్చుకున్నారు. అంటే కోడూరు దగ్గర ఎర్రగళ్ళ చొక్కాలో దొరికినవాడు.

ఎండ పడి అలా కనబడి ఉండొచ్చు. రెండో సుడి నీడలో ఉండి ఉండొచ్చు. ఫుటేజీలో నా కళ్ళు చాలాసార్లు మోసపోయాయి. నేను ఎడిటర్ని, పోలీసుని కాదు.

నాయన వంకాయ పులుసు చేశాడు. ఉప్పు ఉందో లేదో చూడలేదు.

మే 3

పరాశర్ మొత్తం సినిమా చూశాడు. అయిపోయాక చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. "అక్కా, చివరి షాటులో ఏదో చేశావు. ముందుకంటే నునుపుగా ఉంది" అన్నాడు. ఏమీ చేయలేదన్నాను. ఈ నెల ముప్పైలోపు ఫెస్టివల్‌కు పంపాలి. వెళ్ళేటప్పుడు నాయన కాళ్ళకు దండం పెట్టి వెళ్ళాడు. నాయన ఎందుకో తెలియక ఆశీర్వదించాడు.

మే 6

గురవమ్మ వచ్చింది.

పరాశర్ దగ్గర అడ్రసు తీసుకుని, నగరి నుంచి పొద్దున బస్సెక్కి, పుత్తూరులో మారి, దారి అడుగుతూ ఇల్లు పట్టుకుంది. ఫోనులో బొమ్మ చిన్నదిగా ఉందట, పెద్ద తెర మీద ఒక్కసారి చూపించమంది. నలభై అయిదేళ్ళుంటాయి. మనిషి సన్నం, కొప్పు మాత్రం ఇంత లావు. అందులో అక్కడక్కడా దూది పోగులు. షెడ్డులో నేసిన తువ్వాళ్ళు రెండు నాయన చేతిలో పెట్టింది. కుర్చీ వేస్తే కూర్చోలేదు, కింద కూర్చుంది.

షాటు వేశాను. నేను కత్తిరించినదే. ఆమె కదలకుండా చూసింది. మూడుసార్లు వేయించుకుంది. మూడోసారి లేచి వచ్చి తెర మీద చొక్కా అంచు వేలితో తాకింది. ఆ గుడ్డ వాళ్ళ షెడ్డులోదేనని, దానికి కండెలు తనే చుట్టానని, అందుకే పరాశర్ చూపించగానే నమ్మానని చెప్పింది. తర్వాత అడిగింది.

"తువ్వాలు యాడన్నా లేస్తాదా అమ్మా? వాడి తల సూడాలనుండాది."

"లేవదమ్మా" అన్నాను.

సరేలే అంది. నడుము దగ్గర దోపుకున్న ముడుపు తీసి చూపించింది. పసుపు గుడ్డ, ఒక ముడి. "ఈ బొమ్మలో ఉండే పిలకాయ పానంతో ఉంటే నా తలనీలాలిస్తానని మొక్కినా సామికి. పేరు పెట్టి మొక్కలే. పేరు పెడితే దిష్టి" అంది. వాడు ఇంటికి రాగానే వాణ్ణి వెంటబెట్టుకుని పోయి ఇస్తుందట. నాయన కాఫీ ఇచ్చాడు. తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయింది.

మే 7

ఏమీ అనిపించలేదు.

మే 8

ఏమీ అనిపించలేదు.

మే 9

ఏమీ అనిపించలేదు. ఈ మాట రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాను.

మే 12

నాయన కొత్త తువ్వాలు భుజాన వేసుకుని తిరుగుతున్నాడు. గట్టి నేత అంటున్నాడు. గురవమ్మ కొడుకు సంగతి ఏమైందని అడిగాడు. గుండ్ల వల్ల వెనక నుంచి పోల్చుకోవడం కష్టమని మాత్రం చెప్పాను.

ఆయన నవ్వాడు. కొండ మీద ఉద్యోగం చేసిన రోజుల్లో తప్పిపోయిన పిల్లల కోసం మైకులో చెప్పే పని చాలా ఏళ్ళు ఆయనదే. గుండు చేయించాక కన్నతల్లులే గుంపులో బిడ్డల్ని పోల్చుకోలేక ఏడ్చేవాళ్ళట. అందుకని మైకులో చొక్కా రంగు చెప్పేవాళ్ళట. ఒకసారి ఎర్రచొక్కా బిడ్డ అని చెప్తే ముగ్గురు తల్లులు పరిగెత్తుకుని వచ్చారట.

"అప్పుడు ఎవరికిచ్చావు నాయనా" అన్నాను.

"మనం ఇచ్చేదేముంది. కింద వదిల్తే వాడే పరిగెత్తినాడు, వాళ్ళమ్మ దగ్గరికి" అన్నాడు.

పాతిపెట్టినవాడు పరిగెత్తడు.

మే 13

పరాశర్‌ని పిలిచి పదకొండు ఫ్రేములూ చూపించాను. నేనే తీసేశానని, ఎందుకు తీసేశానో కూడా చెప్పాను. సినిమాకు ముగింపు పోతుందని తీసేశాను. ఈ గదిలో కూర్చుని ఇన్ని నెలల్లో నేను బాగా చేసిన పని అదొక్కటే, దాన్ని పాడుచేసుకోవడం ఇష్టం లేక తీసేశాను.

అతను మొదట ముప్పయ్యో తేదీ గురించి మాట్లాడాడు. తర్వాత, ఆమె నెమ్మదిగా ఉంది కదా అక్కా, ఇప్పుడు ఎందుకు అన్నాడు. తర్వాత, అలిపిరిలో చొక్కాలు చూసి పేర్లు రాసింది నేనే కదా అని ఏడ్చాడు. పెద్దగానే ఏడ్చాడు. వంటింట్లోంచి నాయన తొంగి చూసి వెళ్ళాడు. అతను ఏడుస్తుంటే నాకు అసూయ పుట్టింది. అది కూడా అనిపించడం కిందికే వస్తుందేమో, డాక్టరమ్మను అడగాలి.

నగరికి నేను పోతానన్నాను. అబద్ధం చెప్పింది నేను.

మే 15

బస్సు వడమాలపేట దాటేదాకా ల్యాప్‌టాప్ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పుత్తూరులో దిగిపోయి వెనక్కి వచ్చేద్దామనుకున్నాను. దిగాను కూడా. ఎదురుగా నగరి బస్సు కదలబోతుంటే ఎక్కేశాను.

షెడ్డులో మగ్గాల చప్పుడుకు మాట వినబడదు. గురవమ్మ నన్ను చూసి, బాగా నవ్వి, వెనక పక్క నీడకు తీసుకుపోయింది. కొడుకు వచ్చాడని చెప్పడానికి వచ్చాననుకుంది. ఆ నవ్వు చూశాక కూడా నోరు తెరిచాను కాబట్టి, నాలో ఏదో మొద్దుబారి ఉందన్నది నిజమే. ఆ రోజు తువ్వాలు లేవదని అబద్ధం చెప్పానన్నాను. ల్యాప్‌టాప్ తెరిచి గట్టు మీద పెట్టి, ఒక్కో ఫ్రేమూ జరిపాను. పదకొండు.

"ఇంకోసారి" అంది.

జరిపాను. ఆమె వేలు తెరకు ఆనకుండా ఆగింది.

"ఒకటే" అంది.

అవునన్నాను.

ఆమె ఏడవలేదు. కొంగుకు అంటిన దూది ఒక్కో పోగూ తీసి పారేస్తూ మాట్లాడింది. "గుడ్డ సూసినా నేను. పోలీసాయన ఫోటో ఇస్తే ముందు గుడ్డే సూసినా. ఆ గళ్ళు మా ఊరి నేత కాదు. మావోడిది కాదని సెప్పేసినా. చేతులు సూడలే, కాళ్ళు సూడలే. కన్నబిడ్డ కాళ్ళు నాకు తెలీవా? గుడ్డ సూసి తిరుక్కోని వచ్చేసినా."

మేం మనుషుల కంటే ముందు గుడ్డే చూస్తామమ్మా, అలవాటు, అంది. ఆ మాట ఎవరికో సంజాయిషీ చెప్పుకున్నట్టు రెండు మూడుసార్లు అంది. వాళ్ళాయనకు ఒకటే సుడి అట. ముని పుట్టినప్పుడు రెండు సుళ్ళు చూసి, ఎవరి పోలికో అని అందరూ నవ్వారట. నీకున్నాయేమో అని నేనంటే, "నాకు యాడ తెలుస్తాది, బుద్ధి తెలిసినప్పట్నుంచీ కొప్పే" అంది.

లోపలి నుంచి షెడ్డాయన పిలిచాడు. ఆమె లేచి పోయి రాట్నం ముందు కూర్చుంది. పోగు తెగితే ముడి వేసింది. మళ్ళీ తెగింది, మళ్ళీ వేసింది. నేను గుమ్మంలో నిలబడ్డాను. వెళ్ళమనలేదు, ఉండమనలేదు. చివరికి చప్పుడులోనే నా వైపు తిరిగి అడిగింది.

"అబద్ధం ఎందుకు సెప్తివి? నాకోసరమా, బొమ్మ కోసరమా?"

"బొమ్మ కోసం" అన్నాను.

తల ఊపింది. ఆ ఒక్క మాటకు నా మీద ఆమెకు కోపం తగ్గిందో పెరిగిందో తెలియదు. మళ్ళీ కండెల వైపు తిరిగింది.

మే 16

తెగిన పోగుకు గురవమ్మ వేసిన ముడులే రోజంతా కళ్ళ ముందున్నాయి. భయంగా ఉంది. ఇలా ఒకటి అనిపిస్తే, వెనక మిగతావన్నీ వస్తాయేమోనని.

మే 19

పరాశర్ గురవమ్మను తీసుకుపోయి పోలీసులకు విషయం చెప్పించాడు. ఆమె రక్తం తీసుకున్నారు.

మే 30

సినిమా పంపలేదు. పదకొండు ఫ్రేములూ ఎక్కడివి అక్కడ పెట్టేశాను. చివరి వాక్యం తీసేశాను. దాని బదులు ఏమి రాయాలో మా ఇద్దరికీ తెలియలేదు.

జూన్ 11

రిపోర్టు వచ్చింది. మునికుమారే.

జూన్ 13

పాతిపెట్టిన చోటుకు పరాశర్, గురవమ్మ వెళ్ళి వచ్చారు. నన్ను పిలవలేదు. పిలిచి ఉంటే వెళ్ళేదాన్ని కాదు అని రాయబోయి ఆగాను. వెళ్ళేదాన్ని.

జూన్ 17

కోమలి ఫోన్ చేసింది. నిన్న పొద్దున రత్నం వచ్చాడట. జుట్టు చెవుల దాకా పెరిగిందట. నీలం చొక్కా వెలిసిపోయిందట. టీ అడగకముందే, ముని వచ్చినాడా అని అడిగాడట. ఐదు నెలలుగా వాడికేమీ తెలియదు.

చొక్కాలు ఎందుకు మార్చుకున్నార్రా అని కోమలి అడిగితే చెప్పాడట. పరాశర్‌ను ఆట పట్టించడానికి. "గుండ్లు ఒకటే మాదిరుండాయి గదా, సొక్కాలు మార్చుకుంటే అన్న కనుక్కుంటాడా లేదా సూద్దామని." మరుసటి వారమే ఎవరి బండి వాళ్ళు ఎక్కారు. రేణిగుంటలో కలిసి ఎవరి చొక్కా వాళ్ళకు ఇచ్చేసుకోవాలని మాట. కార్డు ఇచ్చినప్పుడూ వాడు ముని కోసమే ఆ రోజంతా కూర్చున్నాడట. ముసలామె అది మాకు చెప్పలేదు. మేమూ అడగలేదు. రంగు ఒకటి తెలిసింది, చాలనుకున్నాం.

కోమలి వాడికి విషయం చెప్పింది. వాడు చొక్కా విప్పి, మడతలు సరిచేసి, "వాళ్ళమ్మకియ్యక్కా" అని బల్ల మీద పెట్టాడట. కోమలి తన మొగుడి చొక్కా ఒకటి తెచ్చి తొడిగింది. ఉండరా, అన్నం తిని పో అంటే వినకుండా యార్డు వైపు నడిచి వెళ్ళిపోయాడు.

ఫోన్ పెట్టేశాక డిసెంబరు సీను వేసుకుని చూశాను. రత్నం తల తడుముకునే చోట ఆపేశాను.

జూన్ 18

గురవమ్మ ఫోన్. మొక్కు తీర్చాలి, తోడు రమ్మంది.

ఏమి మొక్కు, ఇంకా మొక్కేమిటి అనేశాను. కోపంగానే అన్నాను. దేవుడి మీద అంత కోపం నాలో ఉందని అప్పటిదాకా నాకు తెలియదు.

ఆమె నెమ్మదిగా చెప్పింది. "బొమ్మలో ఉండే పిలకాయ పానంతో ఉంటే అని గదమ్మా మొక్కినా. ఆ పిలకాయ పానంతోనే ఉండాడు. సామి మాట తప్పలే. నేను తప్పితే యెట్ల?"

నన్నే ఎందుకు పిలుస్తున్నావన్నాను.

"నువ్వే గదా సూపించినావు" అంది.

జూన్ 20

నాయన తెల్లవారకముందే లేచి మా ఇద్దరికీ పులిహోర కట్టాడు. కొండ మీద ఎక్కడ ఏ క్యూ, ఎక్కడ చెప్పులు విడవాలి అన్నీ కాగితం మీద రాసిచ్చాడు. ముప్పై ఏళ్ళ ఉద్యోగం ఆ కాగితంలో పెట్టేశాడు. పులిహోరలో ఉప్పు సరిగ్గా ఉంది. ఉందని నాకు తెలిసింది.

కల్యాణకట్టలో ఆడవాళ్ళ వైపు కూర్చున్నాం. గురవమ్మ ముడుపు చేతిలో పట్టుకుంది. ఇంకో చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో నీలం చొక్కా. కోమలి నుంచి పరాశర్ తెచ్చి ఇచ్చాడట. గుండు చేసే ఆమె కొప్పు విప్పి, తడిపి, రెండు పాయలుగా ముడేసింది. జుట్టు ఇంత బాగుంది, మూడు కత్తెర్లు ఇస్తే చాలు కదమ్మా అంది. గురవమ్మ వద్దంది. కత్తి నుదుటి దగ్గర నుంచి వెనక్కి పోయింది. రెండు పాయలూ ఒకదాని తర్వాత ఒకటి తడి నేల మీద పడ్డాయి. అంత పెద్ద కొప్పు పోయేసరికి ఆమె మెడ చాలా సన్నగా కనబడింది.

స్నానం చేసి వచ్చి నా ముందు, నాకు వీపు పెట్టి కూర్చుంది. తల వంచింది.

"ఎన్నుండాయి? సూసి సెప్పు" అంది.

వంగి చూశాను. ఇన్ని నెలలు ఒక్కో ఫ్రేమూ జరుపుతూ చూసిన ముని తల లాంటిదే. నేను కత్తిరించలేని చోట, అంత దగ్గరగా.

"రెండు" అన్నాను.

ఆమె చెయ్యి వెనక్కి వచ్చి, తల మీద వెతుక్కుని, అక్కడే ఆగింది. నేను ఏడుస్తున్నానని చుట్టుపక్కల వాళ్ళు చూస్తే తెలిసింది. ఆమె తిరగలేదు. గంధం పూయమని గిన్నె వెనక్కి ఇచ్చింది.

పూశాను. రెండు సుళ్ళ మీదా పూశాను. వేళ్ళకు చల్లగా అనిపించింది.